రేవు వాళ్లది, పడవ మనది: గోదావరి డెల్టా నుంచి చూస్తే మారిషస్

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరంగి తగులుతుంది. ఇప్పుడక్కడ ఆగేవాళ్లు ఎక్కువగా మడ అడవి చూడ్డానికి వచ్చినవాళ్లే. చెక్క దారి మీద కాసేపు నడిచి, బోటెక్కి ఓ చుట్టు తిరిగి, ఫోటోలు దిగి వెళ్లిపోతారు. రెండు వందల ఏళ్ల కిందట ఇదే కోరంగి ఓడలు కట్టే ఊరు, ఓడలు ఆగే రేవు. సరుకుతోపాటు మనుషులు కూడా ఇక్కడినుంచి బర్మాకు, మారిషస్‌కు ఓడలెక్కారు. ఊరి పేరే పెట్టుకున్న 'కొరంగా పాకెట్' అనే ఓడ ఆ దారిలో తిరిగింది. సముద్రం అవతల తెలుగు కూలీలకు 'కొరంగీలు' అనే పేరు పడిపోయిందంటే ఈ రేవు నుంచి ఎంతమంది వెళ్లి ఉంటారో ఊహించుకోవచ్చు. పక్కనున్న యానాం అప్పటికి ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. 1810లో ఇంగ్లీషువాళ్లు గెలుచుకునేదాకా మారిషస్ కూడా ఫ్రెంచివాళ్లదే.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో చట్టం వచ్చింది. మారిషస్ చెరకు తోటల యజమానులకు పనివాళ్లు కావలసి వచ్చారు. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది ఒప్పంద కూలీలను మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో దించింది. ఆ తర్వాత ఎనభై తొంభై ఏళ్లలో దాదాపు నాలుగున్నర లక్షల మంది ఆ రేవు మెట్లు ఎక్కారు. ఆ మెట్లున్న చోటే ఇప్పటి ఆప్రవాసీ ఘాట్. 2006లో దాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇటు వైపు చూస్తే 1830లలో గోదావరి ప్రాంతం ఇప్పటి అన్నపూర్ణ కాదు. వరసగా కరవులు. 1839 నవంబరు తుపాను కోరంగిని దాదాపు తుడిచిపెట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలవ నీళ్లు రాకముందు బతుకు వెతుక్కుంటూ ఓడెక్కినవాళ్ల కథ అది.

వాళ్ల మునిమనవళ్ల దేశంలో ఇవాళ ఉగాదికి జాతీయ సెలవు. అక్కడి తెలుగువాళ్లు సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, రామ భజన చేస్తారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. అందుకే ఇక్కడ సభల్లో మారిషస్ మాట వస్తే 'మనవాళ్ల దేశం' అంటారు. అందులో అబద్ధం లేదు, మనసును తాకే నిజమే. కానీ చుట్టరికం ఒక్కటే పట్టుకుని చూస్తే భారత్, మారిషస్ మధ్య నడిచే వ్యవహారంలో సగం కూడా అర్థం కాదు. పైగా ఆ చూపు కొంతమందిని పూర్తిగా మరుగున పడేస్తుంది. వాళ్లెవరో మారిషస్‌కే చెందిన అగలేగా దీవుల దగ్గరకొచ్చేసరికి తెలుస్తుంది.

అసలు విషయం ఏమిటన్నది లంక గ్రామాల వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. రేవు ఊరిది. జనాన్ని ఏరు దాటించే పంటు మాత్రం వేలం పాటలో పాడుకున్నవాడిది. పాటదారుడు ఎంత మంచివాడైనా, వరసకు బావమరిదే అయినా, టికెట్టు ఎంత, రాత్రి చివరి పంటు ఎన్నింటికి, వరద రోజున నడపాలా ఆపాలా అన్నవి ముందే తేల్చుకుని కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే తగువు తప్పదు. చిన్న దీవి దేశానికీ పెద్ద మిత్రదేశానికీ మధ్య దౌత్యం చాలావరకు ఆ కాగితం గురించే. మారిషస్ విషయంలో ఆ కాగితం ఎప్పుడు సరిగా రాసుకున్నారో అప్పుడు బంధం గట్టిపడింది. ఎప్పుడు దాచిపెట్టారో అప్పుడు అనుమానం పెరిగింది.

కోనసీమంత నేల, భారతదేశమంత సముద్రం

మారిషస్ విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. అంటే ఇంచుమించు మన కోనసీమ జిల్లా అంత. జనాభా సుమారు పన్నెండున్నర లక్షలు, కోనసీమ కంటే తక్కువ. సొంత సైన్యం లేదు. పోలీసు శాఖ, దాని కిందే తీర రక్షక దళం.

ఇప్పుడు మ్యాప్‌లో నేల వదిలేసి నీటిని చూడాలి. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉన్న సముద్రంలో చేపలు, ఖనిజాలు, చమురు లాంటి వాటి మీద ఆ దేశానికే హక్కు ఉంటుంది. దాన్నే ప్రత్యేక ఆర్థిక మండలి అంటారు. మారిషస్ దీవులు చెల్లాచెదురుగా ఉన్నాయి: రోడ్రిగ్స్, అగలేగా, సెయింట్ బ్రాండన్, చాగోస్. ఒక్కో దీవి చుట్టూ ఒక్కో వలయం గీస్తే మొత్తం 23 లక్షల చదరపు కిలోమీటర్లు వస్తుంది. భారతదేశపు ఆర్థిక మండలి కూడా దాదాపు అంతే. కోనసీమంత నేలున్న దేశానికి భారతదేశానికున్నంత సముద్రం! పోర్ట్ లూయిస్ బలం అక్కడుంది, బలహీనత కూడా అక్కడే ఉంది. అంత సముద్రాన్ని కాపాడుకోవడానికి ఓడలు, విమానాలు, రాడార్లు కావాలి. అవి కొనే స్తోమత దానికి లేదు. గల్ఫ్ చమురు, ఆఫ్రికా వ్యాపారం నడిచే దారులకు దగ్గర్లో తనను నమ్మే దేశం ఒకటి ఢిల్లీకి కావాలి.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. 1901లో దక్షిణాఫ్రికా నుంచి తిరిగొస్తూ గాంధీ మారిషస్‌లో కొన్ని రోజులు ఆగారు. కూలీల తరఫున కోర్టుల్లో వాదించడానికి మణిలాల్ డాక్టర్ అనే లాయరు 1907లో అక్కడికి వెళ్లారు. 1948లో ఢిల్లీ అక్కడ తన ప్రతినిధిని నియమించింది. మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చిన తేదీ 1968 మార్చి 12. దండి యాత్ర మొదలైన రోజును గుర్తుపెట్టుకుని ఆ తేదీని ఎంచుకున్నారు.

తర్వాత వరసగా ఓడలు వెళ్లాయి. 1974లో భారత నౌకాదళం 'అమర్' అనే ఓడను ఇచ్చింది. 1987లో మారిషస్ జాతీయ తీర రక్షక దళం ఏర్పడింది. దాని అధిపతిగా భారత నౌకాదళ అధికారి డెప్యుటేషన్ మీద వెళ్లడం ఆనవాయితీ అయింది. జాతీయ భద్రతా సలహాదారు పదవిలోనూ భారతీయ అధికారులు కూర్చుంటూ వచ్చారు. 2015 మార్చి 12న కోల్‌కతాలో తయారైన 'బారాకుడా' గస్తీ నౌక ఆ దళంలో చేరింది. భారత్ ఎగుమతి చేసిన మొదటి యుద్ధనౌక అదే. ఒక సార్వభౌమ దేశం తన తీర రక్షణను మరో దేశపు అధికారి చేతిలో పెట్టడం మామూలు సంగతి కాదు. ఎంత నమ్మకం ఉంటే అది సాధ్యమవుతుందో, ఆ నమ్మకం చెడితే ఎంత నష్టమో రెండూ ఒకేసారి ఆలోచించాలి.

ఆ నమ్మకం ఒకసారి అంచు దాకా వెళ్లింది. 1982 ఎన్నికల్లో అనిరుధ్ జగన్నాథ్, పాల్ బెరాంజే కూటమి ప్రధాన దీవిలో సగం సీట్లు కాదు, మొత్తం 60 సీట్లూ గెలిచింది. మరుసటి ఏడాది ఇద్దరూ విడిపోయారు. జగన్నాథ్ ప్రభుత్వం కూలిపోతుందేమోనని ఢిల్లీలో కంగారు. అప్పుడు 'ఆపరేషన్ లాల్ దోరా' పేరుతో మారిషస్‌కు నౌకలు, సైనికులను పంపే ప్రణాళిక వేశారని, ఇందిరా గాంధీ చివరకు దాన్ని ఆపేసి రాజకీయ మార్గం పట్టారని భద్రతా వ్యవహారాల పరిశోధకులు తర్వాత రాశారు. 1983 ఆగస్టు ఎన్నికల్లో జగన్నాథ్ ఓట్లతోనే గెలిచారు. ఆ నౌకలు బయలుదేరకపోవడం ఈ బంధానికి జరిగిన గొప్ప మేలు. ఒక్కసారి దిగిన సైనికుణ్ణి చిన్న దేశం మూడు తరాలు గుర్తుపెట్టుకుంటుంది.

ఎక్కడా పడని పన్ను

చుట్టరికంతో పని లేకుండా రెండు దేశాలూ గట్టిగా బేరమాడుకున్న విషయం పన్ను ఒప్పందం. దీన్ని కాస్త నెమ్మదిగా చూడాలి. 'మారిషస్ రూట్' అన్న మాట పేపర్లో చూసినవాళ్లు చాలామందే ఉంటారు గానీ అది ఎలా పనిచేసేదో తెలిసినవాళ్లు తక్కువ.

1982లో రెండు దేశాలూ ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఒకే ఆదాయం మీద రెండు చోట్లా పన్ను పడకుండా చూడ్డం దాని ఉద్దేశం. అందులో ఒక నిబంధన ప్రకారం మారిషస్ కంపెనీ భారతీయ కంపెనీ షేర్లు అమ్మి లాభం తీస్తే ఆ లాభం మీద పన్ను వేసే హక్కు మారిషస్‌కే ఉంటుంది. మారిషస్‌లో మూలధన లాభాల మీద పన్ను లేదు. అంటే ఇక్కడా పన్ను లేదు, అక్కడా లేదు. 1991 తర్వాత మన మార్కెట్లు తెరుచుకున్నాక అమెరికా, యూరప్ పెట్టుబడిదారులు పోర్ట్ లూయిస్‌లో ఒక కంపెనీ పెట్టి, అక్కడి నివాసి అని పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకుని, ఆ చిరునామాతో బొంబాయిలో షేర్లు కొనడం మొదలుపెట్టారు. కొందరు మనవాళ్ల డబ్బే అక్కడికి వెళ్లి విదేశీ పెట్టుబడి వేషంలో తిరిగొస్తోందన్న ఆరోపణ కూడా చాలాకాలం నడిచింది. రెండు చోట్లా పన్ను పడకుండా చూసే ఒప్పందం కాస్తా ఎక్కడా పన్ను పడని ఒప్పందం అయింది. 2000 నుంచి లెక్కేస్తే మన దేశానికి వచ్చిన ప్రత్యక్ష విదేశీ పెట్టుబడిలో సుమారు నాలుగో వంతు మారిషస్ చిరునామాతో వచ్చిందే.

మన ఖజానాకు నష్టమే. మరి ఢిల్లీ ఎందుకు ఊరుకుంది? పెట్టుబడి రావాలన్న ఆత్రం ఒకటి, మారిషస్ మీద ఉన్న వ్యూహాత్మక అవసరం రెండు. నివాస సర్టిఫికెట్ ఉంటే చాలని 2000లో మన పన్నుల శాఖే సర్క్యులర్ ఇచ్చింది. ఆ సర్క్యులర్ చెల్లుతుందని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా మార్చమని ఢిల్లీ అడుగుతూనే ఉంది, పోర్ట్ లూయిస్ వాయిదా వేస్తూనే ఉంది. చెరకు ధర పడిపోతున్న దేశానికి ఆర్థిక సేవల రంగం కొత్త పంట. అక్కడి ఆఫీసుల్లో వేలమంది చదువుకున్న పిల్లల ఉద్యోగాలు దానిమీద ఆధారపడి ఉన్నాయి. చిన్న దేశం 'వద్దు' అని చెప్పకుండా 'ఇప్పుడు కాదు' అంటూ ఎంతకాలం నెట్టుకురావచ్చో ఈ బేరం చూస్తే తెలుస్తుంది.

2016 మే 10న చివరకు మార్పు వచ్చింది. 2017 ఏప్రిల్ 1 తర్వాత కొన్న షేర్ల మీద లాభానికి భారత్‌లో పన్ను పడుతుంది. అంతకుముందు కొన్నవాటికి పాత నిబంధనే వర్తిస్తుంది. మొదటి రెండేళ్లూ సగం రేటే. అంటే పోర్ట్ లూయిస్ ఓడిపోయినా నెమ్మదిగా ఓడిపోయే హక్కు తెచ్చుకుంది. అదే ఏడాది భారత్ 35.3 కోట్ల డాలర్ల ప్రత్యేక ఆర్థిక ప్యాకేజీ ప్రకటించింది. పోర్ట్ లూయిస్ మెట్రో రైలు, కొత్త సుప్రీంకోర్టు భవనం, ఆసుపత్రి, ఇళ్లు, బడి పిల్లలకు ట్యాబ్‌లు అందులోవే. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చదవడం సబబు.

వాణిజ్య ఒప్పందంలోనూ ఈ నేర్పు కనిపిస్తుంది. 2021 జనవరి 1న చైనాతో మారిషస్ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఆఫ్రికా దేశంతో చైనాకు అదే మొదటిది. సరిగ్గా మూడు నెలలకు, ఏప్రిల్ 1న భారత్‌తో ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఆఫ్రికా దేశంతో మనకూ అదే మొదటిది.

కొబ్బరి దీవిలో మూడు కిలోమీటర్ల రన్‌వే

అగలేగా అంటే రెండు సన్నని దీవులు. మారిషస్ ప్రధాన దీవికి ఉత్తరంగా దాదాపు 1,100 కిలోమీటర్ల దూరం. జనం మూడు వందల చిల్లర. కొబ్బరి తోటలే అక్కడి చరిత్ర. కొబ్బరి ఎండబెట్టి నూనె తీసి పంపడానికి బానిసలను తెచ్చి పెట్టారు. ఇప్పుడున్నవాళ్లలో ఎక్కువమంది ఆ బానిసల వారసులు. వాళ్లు మాట్లాడేది క్రియోల్. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి దింపు, ఒలుపు చూసినవాళ్లకు వాళ్ల పని చప్పున అర్థమవుతుంది. కానీ 'మనవాళ్ల దేశం' అన్న మాటలో వాళ్లు లేరు. ఆప్రవాసీ ఘాట్ మెట్లెక్కినవాళ్ల సంతతి కాదు వాళ్లు. చుట్టరికం మీద కట్టిన దౌత్యంలో అసలు కష్టం ఇక్కడుంది: భారత్ డబ్బుతో కట్టిన పెద్ద కట్టడాల్లో ఒకటి లేచింది మన చుట్టాల పెరట్లో కాదు, మనతో ఏ చుట్టరికమూ లేని మనుషుల ఇంటిముందు.

2015 మార్చిలో ప్రధాని మోదీ సీషెల్స్, మారిషస్ వెళ్లారు. రెండు చోట్లా ఒకలాంటి ఒప్పందాలే. సీషెల్స్‌లో అజంప్షన్ దీవి, మారిషస్‌లో అగలేగా. రెండు చోట్లా రన్‌వే, జెట్టీ, నిఘా సౌకర్యాలు. తొమ్మిదేళ్ల తర్వాత ఒకటి పూర్తయింది, ఒకటి కాగితం మీదే ఆగిపోయింది. ఎందుకన్నది జాగ్రత్తగా చూడాలి.

సీషెల్స్‌లో 2016 నుంచి పార్లమెంటులో ప్రతిపక్షానికి మెజారిటీ ఉంది. ఒప్పందానికి ఆ సభ ఆమోదం కావాలి. 2018 జనవరిలో సవరించిన ఒప్పందం మీద మళ్లీ సంతకాలయ్యాయి. అజంప్షన్ పక్కనే అల్దబ్రా అనే ప్రపంచ వారసత్వ పగడపు దీవి ఉంది. పెద్ద తాబేళ్లకు పేరుపడ్డ చోటు. దాని గురించి, సార్వభౌమత్వం గురించి జనం వీధుల్లోకి వచ్చారు. అప్పటి ప్రతిపక్ష నాయకుడు రామ్‌కలావన్ ఒప్పందాన్ని సభలో ఆమోదించనివ్వమని తేల్చేశారు. కట్టాలనుకుంటే సొంత డబ్బుతో కట్టుకుంటామని అధ్యక్షుడు ఫోర్ అనాల్సి వచ్చింది. ఆ రామ్‌కలావనే 2020లో అధ్యక్షుడయ్యారు. అయినా ఢిల్లీతో సంబంధాలు చెడలేదు. సభలో బహిరంగంగా చెప్పిన 'వద్దు' పగ కింద మిగలదు.

మారిషస్‌లో ప్రభుత్వానికి మెజారిటీ ఉంది కాబట్టి పని సాగింది. 2024 ఫిబ్రవరి 29న 3,000 మీటర్ల రన్‌వేను, సెయింట్ జేమ్స్ జెట్టీని మోదీ, అప్పటి ప్రధాని ప్రవింద్ జగన్నాథ్ ఆన్‌లైన్‌లో కలిసి ప్రారంభించారు. అంతకుముందు అక్కడున్నది చిన్న విమానాలు మాత్రమే దిగగల పొట్టి రన్‌వే. ఇప్పటిది సముద్ర నిఘాకు వాడే పెద్ద విమానం కూడా దిగగలంత పొడుగు. ద్వీపవాసులకు దీనివల్ల మేలు ఉంది, అది కాదనలేం. ఓడ కోసం నెలలు ఎదురుచూసే చోట రోగిని ఆసుపత్రికి చేర్చడానికి విమానం దిగగలగడం చిన్న విషయం కాదు. వరద రోజుల్లో పంటు ఆగిపోయి, పురిటి నొప్పులతో ఉన్న అమ్మాయిని గట్టుకు ఎలా చేర్చాలా అని టెన్షన్ పడిన లంక వాళ్లకు ఆ విలువ తెలుసు.

తప్పు జరిగింది కట్టడంలో కాదు, చెప్పడంలో. ఒప్పందం పూర్తి పాఠాన్ని అప్పటి మారిషస్ ప్రభుత్వం బయటపెట్టలేదు. మూడు వందల మందికి అంత పొడుగు రన్‌వే ఎందుకని సభలో, పత్రికల్లో అడిగితే సైనిక స్థావరం కాదన్న జవాబే మళ్లీ మళ్లీ వచ్చింది. కాదు సరే, మరి ఏమిటి? ఏ విమానం దిగాలన్నా ఎవరి అనుమతి కావాలి? రాసిన కాగితం కనిపించనప్పుడు ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు. 2022లో ఇంకో వివాదం లేచింది. సముద్రగర్భ ఇంటర్నెట్ కేబుల్ ఒడ్డుకు చేరే స్టేషన్‌లోకి భారత నిపుణుల బృందాన్ని రానిచ్చారని, అది డేటా మీద నిఘా పెట్టడానికేనని అక్కడి టెలికాం సంస్థ అధిపతి పదవి వదిలి బయటకొచ్చి ఆరోపించారు. అది భద్రతా సర్వే మాత్రమేనని, సాయం తానే అడిగానని ప్రధాని జగన్నాథ్ చెప్పారు. నిజానిజాలు ఎలా ఉన్నా, సామాన్యుడి మనసులో రెండు గుట్టు వ్యవహారాలూ ఒకే ఖాతాలో పడ్డాయి.

మాల్దీవుల్లో ఇలాంటి ఖాతా ఎంత పెరగగలదో చూశాం. మన దేశం ఇచ్చిన రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం నడపడానికి వందలోపు భారత సైనిక సిబ్బంది అక్కడ ఉండేవాళ్లు. ఆ విమానాలు రోగులను మోసేవి. అయినా 'ఇండియా అవుట్' నినాదం ఎన్నికల నినాదమై, 2023లో ముయిజ్జు గెలిచారు. 2024 మే 10 నాటికి సైనికులు వెనక్కి వచ్చారు, వాళ్ల స్థానంలో పౌర సాంకేతిక సిబ్బంది వెళ్లారు. హెలికాప్టర్లు అవే, నడిపే మనిషి యూనిఫాం మారింది. అప్పుడు మనవైపు సోషల్ మీడియాలో మాల్దీవులను తిట్టిపోసినవాళ్లు చాలామంది. ప్రభుత్వం మాత్రం ఓపిక పట్టింది. ఆ ఏడాది అక్టోబరులోనే కరెన్సీ మార్పిడి సాయం ఇచ్చింది. 2025 జులైలో మాల్దీవుల స్వాతంత్ర్య దినోత్సవానికి మోదీ ముఖ్య అతిథిగా వెళ్లారు. తిట్లు దౌత్యం కాదు, ఆ ఓపికే దౌత్యం.

చాగోస్: నేల ఎవరిది, స్థావరం ఎవరిది

అగలేగా ప్రశ్నలకు మారిషస్‌లో అంత వేడి ఎందుకంటే, వాళ్లకు చాగోస్ గాయం ఉంది. 1965లో, స్వాతంత్ర్యం ఇవ్వడానికి మూడేళ్ల ముందు, బ్రిటన్ చాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీసింది. 30 లక్షల పౌండ్లు ఇచ్చింది. స్వాతంత్ర్యం కోసం లండన్‌లో చర్చలకు కూర్చున్న శివసాగర్ రామ్‌గులామ్‌కు కాదనే స్వేచ్ఛ ఎంతుంది? 1968 నుంచి 1973 మధ్య అక్కడి జనాన్ని, పదిహేను వందల మందికి పైగా, మారిషస్‌కు, సీషెల్స్‌కు తరలించేశారు. వాళ్లూ కొబ్బరి తోటల పనివాళ్లే. డియెగో గార్సియా దీవిలో అమెరికా స్థావరం వచ్చింది. పోర్ట్ లూయిస్ పేదవాడల్లో తేలిన ఆ కుటుంబాలకు మళ్లీ సొంత దీవి నేల తొక్కే అవకాశం దశాబ్దాలపాటు దొరకలేదు.

మారిషస్ ఇక్కడ చేసిన పని చిన్న దేశాలన్నీ నేర్చుకోదగ్గది. తుపాకీ లేని దేశం కోర్టు గుమ్మం ఎక్కింది. 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విభజన చట్టబద్ధం కాదని, బ్రిటన్ వీలైనంత త్వరగా చాగోస్ పాలన వదులుకోవాలని సలహా అభిప్రాయం చెప్పింది. మే నెలలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఓటింగు జరిగితే మారిషస్ వైపు 116 దేశాలు, వ్యతిరేకంగా 6. మన దేశం మారిషస్ వైపు నిలబడింది, న్యాయస్థానంలోనూ దాని పక్షానే వాదన వినిపించింది.

అయితే ఢిల్లీ ఆలోచన ఇక్కడ మెలిక తిరుగుతుంది. 1970లలో హిందూ మహాసముద్రం శాంతి మండలంగా ఉండాలని, డియెగో గార్సియాలో అమెరికా ఉండకూడదని మన దేశం గట్టిగా చెప్పేది. చైనా నౌకలు ఈ సముద్రంలో తిరగడం మొదలయ్యాక ఆ స్థావరం మనకు కంటగింపుగా లేదు. సార్వభౌమత్వం మారిషస్‌ది కావాలి, స్థావరం కదలకూడదు. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ సంతకం చేసిన ఒప్పందం సరిగ్గా అదే రాసింది. నేల మారిషస్‌ది, డియెగో గార్సియా 99 ఏళ్ల లీజు, ఏడాదికి సగటున 10.1 కోట్ల పౌండ్లు. సంతకాల తర్వాత కూడా లండన్‌లో, వాషింగ్టన్‌లో వాదన ఆగలేదు. చాగోస్ వాసుల్లో చాలామంది తమను ఎవరూ అడగలేదని బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. కోర్టులో గెలిచిన పోర్ట్ లూయిస్ కూడా ఆ మనుషుల విషయంలో లండన్ చేసిన తప్పునే కొంత చేసింది.

పద్నాలుగు వేల టన్నుల బియ్యం

2023 జులైలో కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఇక్కడ ధర పెరక్కుండా చూడ్డం దాని ఉద్దేశం. కాకినాడలో ఆ దెబ్బ వెంటనే తెలిసింది. యాంకరేజ్ పోర్టులో బార్జీల మీద బస్తాలు ఎక్కించే హమాలీల నుంచి మిల్లర్ల దాకా అందరికీ పని తగ్గింది. అదే ఉత్తర్వు బియ్యం కొనుక్కుని తినే దీవుల్లోనూ గుబులు పుట్టించింది. మారిషస్ పండించేది చెరకు, తినేది అన్నం. ఆగస్టు నెలాఖరున ప్రభుత్వాల మధ్య కొనుగోలు పద్ధతిలో కొన్ని దేశాలకు మినహాయింపు ఇచ్చారు: భూటాన్‌కు 79,000 టన్నులు, సింగపూర్‌కు 50,000, మారిషస్‌కు 14,000.

ఈ చిన్న అంకెలో బంధం రెండు ముఖాలూ కనిపిస్తాయి. కష్టకాలంలో గుర్తుపెట్టుకుని ఇచ్చారు, అది స్నేహం. కానీ ఎంత తినాలన్న లెక్క ఢిల్లీలో ఒక నోటిఫికేషన్‌లో తేలింది, అది ఆధారపడటం. పెద్ద దేశంలో ఉల్లి ధర, ఎన్నికల తేదీ, వానల తీరు చిన్న దేశపు వంటింటి దాకా వెళతాయి. ఏ దౌత్యవేత్త ఉపన్యాసంలోనూ ఈ మాట ఉండదు గానీ, పోర్ట్ లూయిస్ వాణిజ్య శాఖలో కూర్చున్నవాళ్లకు ఇది ప్రతిరోజూ ఉండే బెంగ. చాలా చోట్ల సరుకు తెచ్చుకోవాలని, చైనాతో, యూరప్‌తో, గల్ఫ్‌తో వాళ్లు మాట్లాడుతూ ఉంటే మనవైపు కొందరు అనుమానంగా చూస్తారు. ఒకే కాలవ మీద ఆధారపడ్డ శివారు రైతు బోరు వేయించుకుంటే కాలవకు ద్రోహం చేసినట్టు కాదు.

2024 నవంబరు ఎన్నికల్లో 62 సీట్లకు 60 గెలిచి నవీన్ రామ్‌గులామ్ మళ్లీ ప్రధాని అయ్యారు. ప్రభుత్వం మారితే ఢిల్లీ వైపు చూపు మారుతుందేమోనని కొందరు అనుకున్నారు, మారలేదు. 2025 మార్చి 12న మోదీ వాళ్ల జాతీయ దినోత్సవానికి వెళ్లారు. సెప్టెంబరులో రామ్‌గులామ్ వారణాసి వచ్చినప్పుడు దాదాపు 68 కోట్ల డాలర్ల కొత్త ప్యాకేజీ ప్రకటించారు. ఆసుపత్రులు, రోడ్లు, రేవు పనులతోపాటు చాగోస్ చుట్టూ సముద్ర రక్షణ, నిఘాకు సాయం కూడా అందులో ఉంది. అంటే రేపు అగలేగాలాంటి ప్రశ్నే చాగోస్ నీళ్లలోనూ వస్తుంది. నిఘా ఓడ మనదైతే ఆ ఓడ చూసిన సమాచారం మొదట ఎవరి బల్ల మీదకు చేరుతుంది? సౌకర్యం పాడైతే బాగుచేయించే ఖర్చు ఎవరిది? ఒప్పందం నచ్చకపోతే బయటకు రావడానికి పోర్ట్ లూయిస్ ఎన్ని నెలల నోటీసు ఇవ్వాలి? సంతకాల ఫోటోల్లో ఇవేవీ కనిపించవు. మారిషస్ పార్లమెంటు ముందుకు కాగితాలు వచ్చిన రోజున మొదట తిరగేయాల్సింది ఈ పేజీలే. వాటిని అగలేగా కొబ్బరి తోటలో పనిచేసేవాళ్ల భాషలో, క్రియోల్‌లో కూడా అచ్చువేయించమని ముందుగా ఢిల్లీయే అడగవచ్చు.